పీచు ఉడకబెట్టిన వేసవి

మొన్న మా తమ్ముడి మనవడు నెల్లూరు నుంచి వచ్చి రెండు రోజులున్నాడు. నన్ను చూడటానికే వచ్చానన్నాడు గానీ, ఆ రెండు రోజుల్లో ముప్పాతిక భాగం వాడి కారు బానెట్ కిందే గడిపాడు. కంపెనీ వాళ్లిచ్చిన గాలి ఫిల్టర్ తీసేసి, విడిగా కొన్నది ఇంకొకటి బిగించుకున్నాడట. ఎర్రగా, గరాటు బోర్లించినట్టు ఉంది. ఇది పారేసేది కాదు, కడిగి మళ్లీ మళ్లీ వాడుకోవచ్చని మురిసిపోతూ చెప్పాడు. పెరట్లో కొళాయి కింద దాన్ని కడిగి, నీళ్లు విదిలించి, తడి ఆరకముందే సీసాలోని నూనె దానిమీద చిమ్మబోయాడు. నేను వసారాలో కుర్చీలోంచి లేవకుండానే, "ముందు ఆరనీరా. తడి మీద నూనె పట్టదు. ఆరినాక కూడా అంత పొయ్యకూడదు" అన్నాను. వాడు సీసా కింద పెట్టాడు. "నీకెట్ట తెలుసవ్వా?" అన్నాడు.

నాకెట్ట తెలుసా! నా చిన్నతనంలో, నెల్లూరు సముద్రపొడ్డున కారు గాలి ఫిల్టర్ కడగడంలో నన్ను మించిన మనిషి లేదు. ఇది గొప్ప చెప్పుకోవడం కాదు. ఎందుకంటే దాన్ని నా అంత శ్రద్ధగా పాడు చేసిన మనిషి కూడా ఆ ప్రాంతంలో లేదు. ఆ రెండో సంగతి వాడికి చెప్పలేదు. ఇక్కడ చెబుతాను.

నేను పుట్టింది ఆత్మకూరు వైపు పల్లెలో, మాగాణి సేద్యం చేసే ఇంట్లో. మా ఊళ్లో ఐదో తరగతి దాటితే బడి లేదు. అందుకని మా నాన్న నన్ను తన అక్క దగ్గరికి పంపించాడు. ఆమె మద్రాసులో వైద్యం చదివి, ముత్తుకూరు దాటాక సముద్రం వైపున్న ఒక ఊళ్లో ఆస్పత్రి పెట్టుకుని ఉండేది. అందరికీ డాక్టరమ్మ, నాకు అత్త. పెళ్లి మాట ఎవరైనా ఎత్తితే, "నాకు తీరిక యాడుంది?" అని నాడి చూడటానికి వాళ్ల చెయ్యే పట్టుకునేది. ముందు రెండు గదులు ఆస్పత్రి, వెనక రెండు గదులు ఇల్లు. పొద్దున్నే స్పిరిట్ వాసనకు మెలకువ వచ్చేది, ఆ తర్వాతే కాఫీ వాసన. వంటింట్లో రెండు పొయ్యిలు. ఒకదాని మీద అన్నం ఉడికేది, రెండోదాని మీద సూదులూ కత్తెరలూ ఉడికేవి. ఒకదాని గరిటె రెండోదాని దగ్గరికి పోతే ఆ పూట ఇంట్లో ఎవరికీ మాటలుండవు. అత్త మోచేతుల దాకా చేతులు కడుక్కునేది. నేను అన్నానికి కూర్చుంటే ముందు నా గోళ్లు చూసేది, ఆ తర్వాతే వడ్డించేది. "జిడ్డున్న చోట జబ్బుంటాది" అనేది ఆమె వేదం. తలకు నూనె ఆదివారం పొద్దున రాసుకోవాలి, పొద్దు గుంకేలోపు సీకాయతో వదిలించుకోవాలి. ఊరగాయ జాడీ అంచున నూనె మరక కనిపించినా తుడిచేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు. వారం తిరిగేసరికి నేనూ ఆ మతంలో కలిసిపోయాను. ఏడాది తిరిగేసరికి ఆమెకంటే నేనే ఎక్కువ పట్టింపు మనిషినయ్యాను.

అత్తకు ఒక కారు ఉండేది. నల్లది, చిన్నది, ఇంగ్లండు నుంచి వచ్చిన సీమ సరుకు. మద్రాసులో ఎవరో వాడి వదిలేస్తే కొనుక్కుంది. పమిట నడుముకు చుట్టి, తనే నడిపేది. చేపలు పట్టేవాళ్లుండే పట్టపు పల్లెలకు అప్పుడు బస్సుల్లేవు. సరుగుడు చెట్ల సర్వి తోపుల మధ్య బండిబాట, కొంత దూరం పోతే అదీ ఉండదు, ఇసకే. ఆ ఇసక కూడా కాలి కింద కరకరలాడే రకం కాదు, జల్లించిన పిండి వంటిది. గాలి లేస్తే అన్నంలోకీ, నీళ్లకుండలోకీ, కళ్లలోకీ వచ్చేది. ఏడాది పొడుగునా వాన పడే దేశంలో తయారైన ఆ కారుకు గాలి పీల్చే చోట ఒక పల్చటి తీగల జల్లెడ తప్ప ఏమీ లేదు. నేను రాకముందే రెండుసార్లు ఇంజన్ అరిగి విప్పాల్సి వచ్చిందట. నెల్లూరులో షెడ్డు పెట్టుకున్న మస్తాన్ అనే మెకానిక్ రెండోసారి విప్పినప్పుడు అత్తతో ఇట్లా అన్నాడట. "ఈ కారుకు ముక్కులో వెంట్రుకల్లేవు డాక్టరమ్మా. మన దుమ్మంతా నేరుగా గుండెల్లోకి పోతా ఉండాది."

అత్తకు ఆ మాట బాగా నచ్చింది. మస్తాన్ పది రోజులు కూర్చుని రేకుతో ఒక గుండ్రటి డబ్బా చేశాడు. అందులో సన్నటి ఉక్కు తీగను చుట్టలు చుట్టలుగా కుక్కాడు. గిన్నెలు తోమే పీచు పెద్ద ఎత్తున చేస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. మేమూ దాన్ని పీచు అనే అనేవాళ్లం. ఆ పీచును నూనెలో ముంచి, వార్చి, డబ్బాలో పెట్టి మూత బిగించాలి. గాలి తీగల సందుల్లోంచి పోతుంది, దుమ్ము నూనెకు అంటుకుని ఆగిపోతుంది. కారు కంపెనీ వాళ్లకు తట్టని సంగతి కాల్వ గట్టున షెడ్డు వేసుకున్న మనిషికి తట్టింది. నెల్లూరులో బియ్యం మిల్లు ఆసామి ఒకాయన, గూడూరులో అభ్రకం వ్యాపారి ఒకాయన, ఇద్దరికీ కార్లుండేవి. ఇద్దరి కార్లకూ ఇదే జబ్బు. "డాక్టరమ్మ కారుకు మస్తాను పాలడబ్బా తగిలించినాడు" అని నవ్వుకున్నారు గానీ, "ఒక ఏడాది నిలిస్తే మాకూ చెయ్యి" అని కూడా అన్నారు. కాబట్టి ఆ డబ్బా మా కారును కాపాడటానికి మాత్రమే కాదు, మస్తాన్ మాట నిలబెట్టడానికి కూడా పుట్టింది.

పీచు కడిగే పని అత్త నాకు అప్పజెప్పింది. "దీని చేతులు శుభ్రం, పని ఎగ్గొట్టే రకం గూడా కాదు" అని మస్తాన్‌తో చెప్పింది. అతను ఒక శనివారం నన్ను పక్కన నిలబెట్టుకుని నేర్పించాడు. రెక్కల నట్టు చేత్తోనే విప్పాలి, పట్టకారు ముట్టకూడదు. పీచు తీసిన వెంటనే గాలి పోయే రంధ్రానికి గుడ్డ కప్పాలి. బేసిన్‌లో కిరసనాయిలు పోసి పీచును అందులో జాడించాలి. నల్లటి బురద దిగుతుంది. ఆ కిరసనాయిలు పారబోసి ఇంకోసారి. ఆ తర్వాత నీడలో పాత పేపర్ మీద ఆరబెట్టాలి. ఆరినాక కొత్త ఇంజన్ నూనెలో ముంచి, కొక్కేనికి వేలాడదీసి, బొట్లు ఆగేదాకా వదిలెయ్యాలి. తొందరపడి బొట్లు కారుతుండగానే పెడితే ఇంజన్ ఆ నూనె మింగి పొగ కక్కుతుంది. వేలితో తాకితే వేలు మెరవాలి గానీ తడవకూడదు. అదీ కొలత. శనివారం మధ్యాహ్నమంతా ఆ పనిలో పోయేది. ఆరేడు నెలలు నేను దాన్ని పూజ చేసినట్టే చేశాను. పనయ్యాక మాత్రం చేతులు మూడుసార్లు సబ్బుతో రుద్దుకునేదాన్ని, అయినా ఆ రాత్రి అన్నంలో కిరసనాయిలు వాసన తగిలేది.

నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి ఇంట్లో ఉన్న వేసవి అది. ఒక శనివారం అత్త పడవ మీద ఏటి అవతలి పల్లెకు కాన్పు కోసం పోయింది. నేను డబ్బా విప్పి పీచు చేతిలోకి తీసుకున్నాను. నల్లగా, జిగటగా, దుమ్మూ నూనే కలిసి ముద్దగా ఉంది. మా ఇంట్లో అంత రోత వస్తువు ఇంకొకటి లేదు. ఉడకబెట్టని వస్తువూ లేదు. మస్తానన్నకు యంత్రాలు తెలుసు గానీ శుభ్రం తెలియదని నాకు గట్టిగా అనిపించింది. పెద్ద గిన్నెలో నీళ్లు మరగబెట్టి, గుప్పెడు చాకలి సోడా వేసి, పీచును అందులో పడేశాను. నల్లటి నురగ పొంగింది. నీళ్లు మార్చి మళ్లీ ఉడకబెట్టాను, మళ్లీ మార్చాను. ఎండలో పెడితే గంటలో ఆరి తెల్లగా మెరిసిపోయింది. అంత శుభ్రమైనదాన్ని మళ్లీ తీసుకుపోయి జిడ్డులో ముంచడానికి నా చేతులు ఒప్పుకోలేదు. పొడిగానే పెట్టి నట్టు బిగించాను. ఏదో కనిపెట్టేశానన్న సంబరంలో ఉన్నాను. సమయం చూసి అత్తకు చెప్పి శభాష్ అనిపించుకుందామనుకున్నాను.

నా ఖర్మ ఏమిటంటే, కారు ముందుకంటే బాగా నడిచింది. పొడి పీచులోంచి గాలి సులువుగా పోతుంది గదా. సోమవారం అత్త కారులో ఊళ్లు తిరిగి ఇంటికి రాగానే, "ఏం మే, ఈ రోజు కారు భలే లాగతా ఉండాదే!" అంది. ఇంకొన్ని వారాలు చూసి చెబుదామని నవ్వి ఊరుకున్నాను. ఆ పూట అన్నం రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. ఇక ఆపేదెవరు? ప్రతి శనివారం సోడా, మరిగే నీళ్లు, ఎండ. వేసవి కోడగాలి లేచి, సర్వి తోపుల్లో దుమ్ము తెరలు తెరలుగా తిరుగుతున్న ఆ రెండు నెలలూ మా కారు ముక్కు తళతళలాడుతూనే ఉంది.

తొలకరి పడేసరికి కారు వెనక నీలం పొగ మొదలైంది. ఇంజన్ నూనె తాగుతోందని అత్త విసుక్కుంది. నాకు ఆ పొగకూ నా పీచుకూ సంబంధం ఉంటుందని తట్టనే లేదు. ఒక మధ్యాహ్నం పట్టపు పల్లె నుంచి ఒకాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. భార్యకు పొద్దుటి నుంచీ నొప్పులు, బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చెప్పిందట. అత్త ఆయన్నూ నన్నూ ఎక్కించుకుని బయల్దేరింది. సర్వి తోపు దాటాక ఇసకలో కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మళ్లీ లేవలేదు. అత్త సంచీ తీసుకుని దిగింది. నేను ఉడికించిన పనిముట్ల డబ్బా గుడ్డలో చుట్టుకుని వెనక నడిచాను. రెండు మైళ్లు, ఇసక, నెత్తిన ఎండ. ఆ మనిషి ముందు పరుగెత్తుతూ, వెనక్కి వస్తూ, మళ్లీ పరుగెత్తుతూ, "తల్లీ, బిరీన" అంటున్నాడు. మేం పోయేసరికి ఆమెకు మాట లేదు. చీకటి పడే వేళకు తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. చేతులు కడుక్కుంటూ అత్త, "ఇంకొక పావుగంట అయుంటే నేను పోయినా ఒకటే, పోకున్నా ఒకటే" అంది. నాతో కాదు, నీళ్లతో అంది.

కారును ఎడ్లతో రోడ్డు దాకా లాగించి, లారీ వెనక కట్టి నెల్లూరు చేర్చారు. మేం షెడ్డుకు పోయిన రోజు మస్తాన్ ఇంజన్ పైభాగం విప్పి ఉన్నాడు. పక్కన మిల్లు ఆసామీ, ఇంకో ఇద్దరూ బెంచీ మీద కూర్చుని టీ తాగుతున్నారు. మస్తాన్ డబ్బాలోంచి పీచు తీసి, వేళ్లతో నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఇందులో చుక్క నూనె లేదు డాక్టరమ్మా. ఎవురో సోడాలో ఉడకబెట్టినారు."

"మా ఇంట్లో ఎవురు ఉడకబెడతారు? సుగుణే గదా చూస్తా ఉండేది! ఒక్క శనివారం తప్పినదాన్ని నేను చూళ్లేదు" అని అత్త నన్ను చూపించింది.

మస్తాన్ నా వైపు తిరిగాడు. "ఏం పాపా, నూనెలో ముంచినావా?"

నా నోరు తెరుచుకునేలోపే అత్త లేచింది. "దాన్ని ఎందుకు అడగతావు? నీ డబ్బా పనికిరాలేదని చెప్పరాదా? పీకెయ్ దాన్ని. పాత జల్లెడే పెట్టు."

బెంచీ మీద టీ గ్లాసులు ఆగిపోయాయి. మస్తాన్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "పీకమంటే పీకతా డాక్టరమ్మా. ఏడాది తిరక్కుండా కారు మళ్లీ ఈడికే వస్తాది. అప్పుడు గూడా నేనే విప్పతా" అన్నాడు. గొంతు పెంచలేదు. అప్పటికి నాకు అంతా అర్థమైంది. అర్థమయ్యే నోరు మూసుకున్నాను. దానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

ఇంజన్ తిరిగి రావడానికి మూడు వారాలు పడుతుందన్నారు. అత్త ఒంటెద్దు బండి మీద ఊళ్లు తిరిగింది. రెండు చోట్లకు పోవాల్సిన రోజు ఒక చోటికే పోయేది. పోలేని చోట ఏమైందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. సాయంత్రం నడుం పట్టేసి వచ్చి పడుకుంటే కాళ్లు పిసికేదాన్ని. "నువ్వు గూడా లేకుంటే నా గతి ఏమయ్యేది మే" అనేది. ఆ మాట అన్నప్పుడల్లా నా చేతులు ఆగిపోయేవి. నాలుగో రోజు నెల్లూరు నుంచి మందుకు వచ్చిన ఒకామె, షెడ్డు పక్కింటి మనిషే, మాటల్లో మాటగా చెప్పింది. మిల్లు ఆసామి తన కారుకు డబ్బా వద్దన్నాడట, గూడూరు ఆయన కారునే వేరే షెడ్డుకు తోలించాడట. మస్తాన్ పనితనం చూసి నవ్వుకుంటున్నారట.

మరునాడు పొద్దున అత్త పొయ్యి దగ్గర నిలబడి సూదుల గిన్నె మీద మూత పెడుతోంది. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"అత్తా, ఆ పీచు ఉడకబెట్టింది నేనే. ఈ పొయ్యి మీదే."

అత్త తిరిగి చూడలేదు. "ఎన్నిసార్లు?" అంది, జబ్బుమనిషిని అడిగినట్టు.

"తొమ్మిది వారాలు."

"నూనె?"

"పొయ్యలేదు. జిడ్డని."

"జిడ్డని" అని ఆమె కూడా అంది. గిన్నె మూత సన్నగా కొట్టుకుంటోంది. చెంప పగులుతుందనుకున్నాను. "ఆ రోజు మస్తాను అడిగినప్పుడే ఎందుకు చెప్పలా?"

"నువ్వు నన్ను నమ్మి మాట్లాడినావు గదత్తా. ఎట్ట చెప్పేది?"

ఆమె సూదుల గిన్నె పొయ్యి మీంచి దించింది. "మంచి పావడా కట్టుకో. నెల్లూరు పోవాల" అంది. ఆ రోజు ఆస్పత్రి తలుపులు తెరవలేదు. ఆమె కావాలని ఆస్పత్రి మూసిన రోజు నా ఎరుకలో అదొక్కటే.

షెడ్డు దగ్గర ఆ రోజు కూడా జనం ఉన్నారు. అత్త బెంచీ ముందు నిలబడి, అందరికీ వినపడేట్టు చెప్పింది. "మస్తానూ, తప్పు మాది. పీచును మా ఇంట్లోనే ఉడకబెట్టినారు. నలుగురిలో నిన్ను మాటన్నా, అందుకని నలుగురిలోనే చెప్తా ఉండా. నీ డబ్బా మళ్లీ పెట్టు." డాక్టరమ్మ ఒక మెకానిక్ ముందు చేతులు జోడించడం ఆ ఊళ్లో అంతకుముందు ఎవరూ చూడలేదు. ఆమె నా పేరు ఎత్తలేదు. అది నేను తట్టుకోలేకపోయాను. "నేనే మస్తానన్నా. నేనే చేసినా" అని ఏడ్చేశాను. అతను నవ్వలేదు, కసరలేదు. ఇంజన్ అడుగున మిగిలిన నూనెలో వేలు ముంచి నా అరచేతిలో రుద్దాడు. నూనె గరగరలాడింది.

"ఇది మన సముద్రపొడ్డు పాపా, ఇంజన్ లోపలికి పోయింది. మీ అత్త సూదికి జిడ్డంటితే మనిషి పోతాడు. ఈ పీచుకు జిడ్డు లేకుంటే ఇంజన్ పోతాది. యాడ ఏది శుభ్రమో అది తెలుసుకోవాల."

ఆ మాట నాకు బడిలో ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత అతను బెంచీ మీద వాళ్లందరి ముందు నా చేతే పీచు ముంచించి, వార్పించి, వేలితో చూపించాడు. అట్లా మూడుసార్లు చేయించాడు. మిల్లు ఆసామి లేచి వచ్చి, తనూ ఒక వేలు పెట్టి చూశాడు. వెళ్లేముందు, "మస్తానూ, నాది గూడా చెయ్యబ్బా" అని ఎటో చూస్తూ అన్నాడు.

ఇప్పుడు కార్లలో కాగితం ఫిల్టర్లు వస్తున్నాయి. సర్వీసు సెంటర్‌లో పిల్లవాడు పాతది పారేసి కొత్తది పెడతాడు, బిల్లులో ఒక గీత పెరుగుతుంది, అయిపోతుంది. నేను పాతకాలమంతా బంగారమనే రకాన్ని కాదు. శనివారాలన్నీ కిరసనాయిలులో పోగొట్టుకున్నదాన్ని, ఆ కాగితానికి దండం పెడతాను. అయితే ఒకటి మాత్రం తక్కువైంది. ఇప్పుడు ఇంజన్ చెడిపోతే ఎవరి చేతి మీదా మరక ఉండదు. ఎవరూ ఎవరి దగ్గరికీ బస్సెక్కి పోయి తప్పు మాదని చెప్పుకోనక్కర్లేదు. సుఖమే. కానీ ఆ రోజు బస్సులో అత్త పక్కన కూర్చుని పోతూ నేను నేర్చుకున్నది, ఆ సుఖంలో నేర్చుకునే దారి లేదు.

కారు వచ్చింది. పీచు పని నా నుంచి తీసేస్తుందనుకున్నాను. తీసేయలేదు. కానీ బయల్దేరే ప్రతిసారీ అత్త బానెట్ ఎత్తి, నట్టు విప్పి, పీచు మీద వేలు పెట్టి చూసేది. గుమ్మం ముందు జబ్బుమనిషి తాలూకు వాళ్లు నిలబడి ఉన్నా సరే. మొదటి రెండు వారాలు ఆమె వేలు అక్కడ ఆనినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. మూడో వారం నుంచి నేనే గుడ్డ పట్టుకుని పక్కన నిలబడి, ఆమె చూసినాక వేలు తుడిచేదాన్ని. చూడటం ఆమె హక్కు. మళ్లీ నమ్మమని అడిగే నోరు నాకు లేదు. వానలు వెనకబట్టి, మంచు మొదలయ్యేదాకా అట్లాగే సాగింది.

ఒక ఆదివారం పొద్దున్న తీరం నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. నిండు చూలాలికి ఫిట్స్ వస్తున్నాయన్నారు. అత్త సంచీ కారులో పడేసి, ముందుకు వచ్చి బానెట్ మీద చెయ్యి పెట్టింది. ఎత్తలేదు. నా ముఖంలోకి చూసింది.

"చూడమంటావా, పోదామంటావా?"

ముందు రోజు మధ్యాహ్నం నేను చేసిన పని మొత్తం కళ్ల ముందు తిరిగింది. జాడించింది, నీడలో ఆరబెట్టింది, ముంచింది, చివరి బొట్టు ఆగేదాకా కూర్చున్నది.

"పోదామత్తా" అన్నాను.

అత్త బానెట్ మీది చెయ్యి తీసి కారెక్కింది.